కోయి కొలను బాగుచేయిస్తున్నారా? ముందు తవ్వకుండా మార్చలేనివేమిటో చూడండి

పెరట్లో కోయి, అంటే జపాన్ రంగు చేపల కొలను ఉన్నవాళ్లు దాన్ని కొంచెం పెద్దగా, గట్టిగా చేయించాలనుకోగానే మొదట అడిగేది "ఏ లైనర్ (నీళ్లు ఇంకకుండా లోపల పరిచే షీటు) మంచిది?" అని. నా దృష్టిలో దానికంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. రేపు పాడైతే చేపల్ని తీయకుండా, నేల తవ్వకుండా మార్చగలిగే భాగాలేవి, మార్చలేనివేవి? ఈ లెక్క తేలితే డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ సర్దుకోవచ్చో తెలిసిపోతుంది. చాలా ఇళ్లలో ఇది తలకిందులుగా జరుగుతుంది. పైకి కనిపించే రాళ్లకి, జలపాతానికి, లైట్లకి బడ్జెట్ అయిపోతుంది. అడుగున పూడ్చేసే పైపు దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒకటి వెయ్యి" అంటారు. అయిదేళ్ల తర్వాత కారేది ఆ పైపే.

కోయి మన చెరువుల్లో పెంచే బంగారు తీగ చేపకి దగ్గరి బంధువు. జపాన్‌లోని నీగాతా ప్రాంతంలో వరి పండించే రైతులు ఆహారం కోసం పెంచుకున్న కార్ప్ చేపల్లో రంగు తేలినవాటిని వేరుచేసి పెంచగా వచ్చిన రకాలివి. 1914లో టోక్యోలో జరిగిన ప్రదర్శన తర్వాతే ఇవి ఆ ప్రాంతం దాటి పేరు తెచ్చుకున్నాయి. ఇక్కడ ఈ చుట్టరికం ఎందుకంటే, కోయికి బంగారు తీగ అలవాట్లే ఉంటాయి. అడుగున మూతితో కెలుకుతుంది, 2 అడుగుల పైన పెరుగుతుంది, బాగా చూసుకుంటే పాతికేళ్లు బతుకుతుంది. అంటే మనం కట్టేది కనీసం పాతికేళ్ల కోసం. కలువల కోసం కట్టిన 2 అడుగుల తొట్టి దానికి సరిపోదు. మన ఎండలకి కనీసం నాలుగున్నర అడుగుల లోతు కావాలి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలిగితే, 30 డిగ్రీలకి అది 7.5 దగ్గరికి పడిపోతుంది. లోతు తక్కువైతే మే నెలలో నీళ్లు ఇంకా వేడెక్కి ఉన్న ఆక్సిజన్ కూడా తగ్గిపోతుంది.

ముందు, నిజంగా కారుతోందా?

మట్టం తగ్గుతోందని మొత్తం పగలగొట్టించే ముందు బకెట్ పరీక్ష చేయండి. బకెట్‌లో కొలను నీళ్లే పోసి, సగం మునిగేలా మెట్టు మీద పెట్టి, లోపలి మట్టం, బయటి మట్టం రెండూ గీత పెట్టండి. పంపు ఆపి ఒక రోజు, నడుపుతూ ఒక రోజు చూడండి. రెండూ సమానంగా తగ్గితే అది ఆవిరే. తెలంగాణ ఎండాకాలంలో రోజుకి సెంటీమీటరు దాకా పోవడం మామూలే. పంపు నడిచినప్పుడు మాత్రమే ఎక్కువ తగ్గుతుంటే లోపం పైపుల్లోనో జలపాతంలోనో ఉంది, తొట్టి జోలికి పోనక్కర్లేదు. పంపు ఆపినా తగ్గుతూ ఒక మట్టం దగ్గర ఆగిపోతే, పగులు ఆ ఎత్తులోనే ఉందన్నమాట. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండానే లైనర్ కొనేసేవాళ్లు చాలామంది.

నేల ఏమిటో చూడకుండా గోడ గురించి మాట్లాడకూడదు

ఒకే డిజైన్ ఒక ఊళ్లో ఇరవై ఏళ్లు నిలిచి, ఇంకో ఊళ్లో రెండో ఏడాదే పగిలిపోతుంది. కారణం చాలాసార్లు నేలే. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ వైపు, హైదరాబాద్‌కి పడమర చేవెళ్ల, శంకరపల్లి వైపు నల్లరేగడి ఉంటుంది. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. అలాంటి నేలలో ఇటుక గోడ కట్టి సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తే పగులు తప్పదు. పైన ఎంత ఖరీదైన కోటింగ్ పూసినా గోడ కదిలినప్పుడు అది కూడా గోడతోపాటే చీలుతుంది. ఇక్కడ అడుగున నల్లమట్టి తీసేసి మొరం నింపి దిమ్మిస చేయించడం, గోడ కదిలినా సాగే లైనర్ వాడటం తెలివైన పని. రాతి నేల, ఎర్ర గరుకు నేల ఉన్నచోట ఈ బాధ తక్కువ. అక్కడ ఆర్‌సీసీ తొట్టి నిశ్చింతగా కట్టుకోవచ్చు.

భీమవరం, కాకినాడ లాంటి చోట్ల కష్టం వేరు. వానాకాలంలో భూగర్భజలం పైకి వచ్చేస్తుంది. అప్పుడు శుభ్రం చేద్దామని కొలను ఖాళీ చేస్తే, కింది నీళ్లు లైనర్‌ని బుడగలా పైకి లేపుతాయి. లోతుగా కట్టిన ఆర్‌సీసీ తొట్టిని కూడా కదిలించగలవు. నిండుగా ఉన్నంతకాలం లోపలి బరువే దాన్ని కూర్చోబెడుతుంది. అందుకే అలాంటి చోట తొట్టిలో సగం నేల పైకి వచ్చేలా కట్టుకోవడం, మరమ్మతులు వేసవిలోనే చేయించుకోవడం మేలు.

బరువు ఎంతో కూడా ఒకసారి లెక్కేసుకోండి. 4 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు, 1.4 మీటర్ల లోతు అంటే 14 ఘనపు మీటర్లు, 14,000 లీటర్లు, 14 టన్నులు. అడుగున ప్రతి చదరపు మీటరు మీద 1.4 టన్నుల నీళ్లు నిలబడి ఉంటాయి. పక్క గోడల అడుగు భాగం మీద నీటి తోపు కూడా అంతే. నేల పైకి లేచిన గోడని ఒంటి ఇటుకతో కట్టించాలని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి.

నీళ్లు ఆపే పొర

అసలు గందరగోళం ఇక్కడే. దుకాణంలో ఈపీడీఎం, హెచ్‌డీపీఈ, పీవీసీ, ఎపాక్సీ, పాలీయూరియా, ఎఫ్‌ఆర్‌పీ అని పేర్లు చదివేస్తారు. ఈ సరుకంతా రెండు రకాలే. ఒకటి, గోడకి అతుక్కోకుండా వేలాడే షీటు. రెండు, గోడకి అతుక్కుని దానిలో భాగమయ్యే కోటింగ్. షీటుకి గోడ పగులుతో పట్టింపు లేదు, కానీ చిల్లు పడితే చిక్కు. కోటింగ్‌కి చిల్లుల భయం తక్కువ, కానీ గోడ పగిలితే అదీ పగులుతుంది. మీ ఇంట్లో ఏ ప్రమాదం ఎక్కువో అదే ఎంపికని తేలుస్తుంది.

షీట్లలో నా ఓటు ఈపీడీఎం రబ్బరుకే. ఒక మిల్లీమీటరు మందం ఉన్నది తీసుకుంటే ఎండనీ చలినీ తట్టుకుంటుంది, మూలల్లో సులువుగా మడత పడుతుంది, ఇరవై ఏళ్ల పైన నిలుస్తుంది. కొనేటప్పుడు చేపల కొలను కోసం తయారుచేసిందేనా అని తప్పక అడగండి. డాబా పైకప్పు కోసం చేసే ఈపీడీఎంలో కొన్నిటికి కలిపే రసాయనాలు చేపలకి పడవు. పైన చెప్పిన కొలనుకి ఎంత కావాలంటే, పొడవుకి రెండు వైపులా లోతు, అంచుల మీద 30 సెంటీమీటర్ల చొప్పున కలపాలి. 4 + 2.8 + 0.6 అంటే 7.4 మీటర్లు. వెడల్పు వైపు అదే లెక్కన 5.9 మీటర్లు. మొత్తం సుమారు 44 చదరపు మీటర్లు, బరువు 50 కిలోల పైనే. నలుగురు మనుషులు లేకుండా పరచలేరు. ఈడ్చుకుంటూ పోతే కింద ఉన్న కంకర రాయే దాన్ని కోసేస్తుంది.

హెచ్‌డీపీఈ మనకి తెలిసినదే. రాయలసీమ పొలాల్లో నీటి కుంటలకి పరిచే 500 మైక్రాన్ల నల్ల షీటు అదే, కోస్తా రొయ్యల చెరువుల్లో పరిచేదీ అదే. అందులో కలిపే నల్లటి కార్బన్ వల్ల ఎండకి చాలాకాలం ఆగుతుంది, ధర తక్కువ. అయితే అది బిరుసు సరుకు. ఎకరం చెరువులో సాఫీగా పరుచుకునే షీటు పెరటి కొలను మూలల్లో మడత పడదు, ముడతల్లో మురికి చేరుతుంది. పైగా దాన్ని జిగురుతో అతికించలేం, వేడి మిషన్‌తో వెల్డింగ్ చేయాల్సిందే. చేయి తిరిగిన పనివాళ్లు దొరికి, కొలను ఆకారానికే పెట్టెలాగా వెల్డింగ్ చేయించగలిగితే మంచిది. లేదంటే వద్దు. నీలం రంగు టార్పాలిన్ని మాత్రం శాశ్వతమైన కొలనులో వేయకండి, ఎండకి పెళుసైపోతుంది. బయోఫ్లాక్ చేపల పెంపకంలో వాడే మందపాటి పీవీసీ తొట్టి, పని జరుగుతున్నన్నాళ్లు చేపల్ని ఉంచడానికి చక్కగా పనికొస్తుంది.

ఏ షీటు వేసినా దాని కింద ఏం పరుస్తున్నారో చూడండి. ఇసుక నిలువు గోడ మీద నిలవదు. పాత తివాచీలు కుళ్లిపోతాయి. జియోటెక్స్‌టైల్ అనే నేయని మందపాటి బట్ట, సుమారు 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు) ఉన్నది, గోడకీ నేలకీ వేయించాలి. ఇక పందికొక్కుల సంగతి. మన పెరళ్లలో లైనర్‌కి పెద్ద శత్రువు అదే. మట్టి గుంటలో నేరుగా షీటు పరిస్తే, అంచు దగ్గర బొరియ తవ్వుకుంటూ వచ్చి కొరికేస్తుంది. ఆ చిల్లు బయటికి కనిపించదు. అందుకే మన దగ్గర ఉత్త మట్టి గుంటలో లైనర్ కన్నా, సిమెంటు దిమ్మెల గోడ కట్టి, అడుగున కాంక్రీటు వేసి, దాని లోపల లైనర్ వేయడమే నేను సిఫారసు చేసే పద్ధతి. గోడ ఆకారాన్నీ పందికొక్కునీ చూసుకుంటుంది, లైనర్ నీళ్లని చూసుకుంటుంది. వెదురు నాటించాలనుకుంటే కొలనుకి దూరంగా నాటించండి, వేర్లకి ఏ షీటూ పూర్తిగా ఆగదు.

కోటింగుల్లో మన మేస్త్రీలకి బాగా అలవాటైనది రెండు డబ్బాలు కలిపి పూసే పాలిమర్ సిమెంటు కోటింగ్. నీళ్ల సంపులకి వాడేది ఇదే. గట్టి ఆర్‌సీసీ గోడకి ఇది సరిపోతుంది, ధర కూడా అందుబాటులో ఉంటుంది. ఎపాక్సీ నున్నగా, అందంగా వస్తుంది కానీ దానికి సాగే గుణం దాదాపు లేదు. వెంట్రుక వాసి పగులు వచ్చినా అది కూడా విరుగుతుంది. తేమ ఉన్న గోడ మీద పూస్తే పొక్కులు లేచి ఊడుతుంది. ఎఫ్‌ఆర్‌పీ, అంటే ఫైబర్ గ్లాస్ చాపని రెజిన్‌తో పొరలు పొరలుగా అతికించడం, సరిగ్గా చేస్తే చాలా గట్టిది. రెజిన్ పూర్తిగా ఆరి ఆ ఘాటు వాసన పోయేదాకా చేపల్ని దగ్గరికి రానివ్వకూడదు. పాలీయూరియా వీటిలో బాగా సాగుతుంది, గోడ చిన్నగా కదిలినా తట్టుకుంటుంది. వేడి యంత్రంతో స్ప్రే చేయాలి కాబట్టి పనిలో అనుభవం ఉన్న టీమ్ దొరికితేనే దాని జోలికి వెళ్లండి.

డాబా మీద పూసే వాటర్‌ప్రూఫ్ పెయింట్లు మాత్రం వద్దే వద్దు. గోడకి పాచి, బూజు పట్టకుండా వాటిలో మందు కలుపుతారు. పాచిని చంపే మందు నీటిలోకి దిగితే చేపకి మేలు చేస్తుందా? ఏ కోటింగ్ కొన్నా, అది తాగునీటి ట్యాంకుకి పనికొస్తుందని మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ లాంటి సంస్థ పరీక్షించిన నివేదిక చూపించమని అడగండి. నివేదిక చూపించకుండా "ఏం కాదు సార్, అందరూ వేసుకుంటున్నారు" అంటే అక్కడితో ఆపేయండి. బాత్రూమ్ సిలికాన్‌తోనూ ఇదే చిక్కు, చాలావాటిలో బూజు మందు ఉంటుంది. అక్వేరియం సిలికాన్ చేపలకి సురక్షితమే, కానీ దాన్ని గాజు కోసం చేశారు, సిమెంటుని సరిగా పట్టదు.

పొర ఏదైనా సరే, కారడం మొదలయ్యేది మధ్యలో అరుదు. గోడలోంచి పైపు బయటికి వచ్చేచోట, అడుగు మురికి బయటికి పోయే బాటమ్ డ్రెయిన్ చుట్టూ, నేలా గోడా కలిసే మూలలో కారుతుంది. ఒక్కో సరుకు ఎండకి ఒక్కో రకంగా సాగుతుంది, కుంచించుకుపోతుంది. సిమెంటూ ప్లాస్టిక్ పైపూ ఒకదానికొకటి అతుక్కోవు. కాంక్రీటు పోసేటప్పుడే పైపుకి పడిల్ ఫ్లాంజ్, అంటే కాంక్రీటులో కూరుకుపోయి నీటిని ఆపే పళ్లెం లాంటి అంచు, పెట్టించాలి. లైనర్ అయితే రెండు అంచుల మధ్య బోల్టులతో నొక్కిపట్టే డ్రెయిన్ కావాలి. కాంక్రీటు పోశాక గోడకి రంధ్రం కొట్టి, పైపు దూర్చి, చుట్టూ సిమెంటు మెత్తే పని చూస్తే దాన్ని అక్కడే ఆపించండి.

అడుగున పూడ్చే పైపు

బాటమ్ డ్రెయిన్ నుంచి ఫిల్టర్ దాకా వెళ్లే 4 అంగుళాల పైపు కాంక్రీటు కింద ఉంటుంది. దాన్ని మార్చాలంటే కొలను పగలగొట్టాలి. కాబట్టి ఈ మొత్తం పనిలో రాజీ పడకూడనిది ఇదొక్కటే అన్నా తప్పులేదు. బాత్రూమ్ మురుగుకి వాడే ఎస్‌డబ్ల్యూఆర్ పైపు, రబ్బరు రింగు జాయింటుతో, చవగ్గా వస్తుంది. కానీ అది నీళ్లు పారిపోవడానికి చేసింది, రాత్రీ పగలూ నిండుగా ఒత్తిడిలో నిలబడటానికి కాదు. ప్రెషర్ రేటింగ్ ఉన్న మందపాటి యూపీవీసీ పైపు, సాల్వెంట్ సిమెంటుతో (పైపులు అతికించే జిగురుతో) అతికించిన జాయింటు వేయించండి. వంపులు నిటారుగా తిరిగే ఎల్బోలతో కాకుండా 45 డిగ్రీల బెండ్లు రెండేసి పెడితే మురికి అడ్డంపడదు. కాంక్రీటు పోసేముందు పైపు నిండా నీళ్లు నింపి ఒక రాత్రి ఉంచి చూడాలి.

నేల పైన ఎండలో ఉండే పైపుల విషయంలో ఇంత పట్టుదల అక్కర్లేదు. అవి ఎండకి పెళుసెక్కితే అరగంటలో మార్చుకోవచ్చు. పంపూ, ఎయిర్ పంపూ, యూవీ లైటూ కూడా అంతే, కొన్నేళ్లకోసారి మారేవే. కరెంటు దగ్గర మాత్రం 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించకుండా నీళ్లలో మోటారు దించకండి. నూనె నింపిన పాత సబ్‌మెర్సిబుల్ మోటార్లు సీలు పోతే నూనె నీటి మీద తేలుతుంది, కోయి కొలనులో అవి వద్దు.

లోహం, రాయి, ఉప్పు

కోయి పెంచేవాళ్లు ఏదో ఒక రోజు కొలనులో ఉప్పు వేస్తారు. జబ్బు చేసినప్పుడు మామూలుగా చెప్పే మోతాదు 0.3 శాతం, అంటే 1000 లీటర్లకి 3 కిలోలు. మన 14,000 లీటర్ల కొలనుకి 42 కిలోలు. సరుకులు ఎంచుకునేటప్పుడు ఈ రోజుని ఎవరూ గుర్తుపెట్టుకోరు. మామూలు 304 స్టీలు బోల్టులకి ఉప్పు నీటిలో చుక్కలు చుక్కలుగా తుప్పు లోపలికి దిగుతుంది, 316 రకం బాగా తట్టుకుంటుంది. నీటిలో మునిగే బోల్టులు అరడజనో డజనో ఉంటాయి, వాటి దగ్గర పొదుపు చేయడంలో అర్థం లేదు. కోటింగ్ పోయిన ఆర్‌సీసీలోకి ఉప్పు దిగితే లోపలి ఇనుము ఉబ్బి కాంక్రీటుని పగలగొడుతుంది. ఫిల్టర్‌లో జియోలైట్ రాళ్లు వేసుకున్నవాళ్లు ఉప్పు వేసేముందు వాటిని తీసేయాలి. మామూలు నీటిలో అమ్మోనియాని పట్టుకునే ఆ రాళ్లు, ఉప్పు తగలగానే పట్టినదంతా వదిలేస్తాయి.

రాగి, ఇత్తడి, జీఐ (జింకు పూత వేసిన ఇనుము) పైపులు నీటికి తగలకూడదు. రాగీ జింకూ చాలా కొద్ది మోతాదులో కూడా చేపకి విషం. నీళ్లు మెత్తనివైతే విషం మరీ ఎక్కువ. మన బోరు నీళ్లు చాలాచోట్ల గట్టివి కాబట్టి కొంత రక్షణ ఉంటుంది, కానీ వానాకాలంలో డాబా నీళ్లు కొలనులోకి మళ్లించే ఇళ్లలో ఆ రక్షణా పలచబడుతుంది.

రాయి గురించి భయం కొంచెం అతిగా ఉంది. తాండూరు బండలు, బేతంచర్ల బండలు, కడప నాపరాయి అన్నీ సున్నపురాయి జాతే. "అవి పెడితే పీహెచ్ పెరిగి చేపలు చస్తాయి" అంటారు. పీహెచ్ అంటే నీళ్లు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె. సున్నపురాయి పీహెచ్‌ని సుమారు 8.3 దాటించలేదు, కోయికి అది ఇబ్బంది కాదు. పీహెచ్ నిలకడగా ఉండటానికి కొందరు కావాలనే ఫిల్టర్‌లో ఆల్చిప్పలు వేస్తారు. అసలు ప్రమాదం ఆ బండలని యాసిడ్‌తో కడిగినప్పుడు. రాయీ తినుకుపోతుంది, ఆ నీళ్లు కొలనులో పడితే చేపలూ పోతాయి. అంచు మీద తాండూరు బండ నిరభ్యంతరంగా వేసుకోండి, యాసిడ్ సీసా మాత్రం ఆ దరిదాపులకి తేవద్దు. నీళ్లు నిత్యం పారే జలపాతానికి గ్రానైట్ మేలు. కటింగ్ ఫ్యాక్టరీల దగ్గర మిగిలిపోయిన ముక్కలు చవగ్గా దొరుకుతాయి, పదును అంచులు మాత్రం రుద్దించాలి. అడుగున గులకరాళ్లు పరచొద్దు. కోయి వాటిని కెలుకుతుంది, వాటి సందుల్లో మురికి కుళ్లుతుంది. గోడలు కూడా నున్నగా ఉండాలి, ఒళ్లు దురద పెట్టినప్పుడు చేప గోడకి రాసుకుని పొలుసులు ఊడగొట్టుకుంటుంది.

కొత్త సిమెంటు, అరటి బోదెలు

ఇంతా చేసి చేపల్ని పోగొట్టుకునేది ఎక్కువగా ఆఖరి మెట్టులోనే. కొత్త సిమెంటు నుంచి సున్నం దిగుతుంది, నీటి పీహెచ్ 11, 12 దాకా పోతుంది. కోయికి 7 నుంచి 8.5 మధ్య ఉండాలి. ఆ పైన చర్మమూ మొప్పలూ దెబ్బతినడం ఒక ఎత్తు, అమ్మోనియా విషం కావడం ఇంకో ఎత్తు. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషపు రూపంలో ఉండేది 1 శాతం లోపే. 8కి అది 7 శాతం దాటుతుంది, 9కి 40 శాతం దాటుతుంది. మొన్నటిదాకా హాని చేయని అమ్మోనియాయే కొత్త తొట్టిలో చంపేస్తుంది.

రంగు చేపలు పెంచే మనవాళ్లు కొత్త సిమెంటు తొట్టిలో నీళ్లు నింపి అరటి బోదె ముక్కలు వేసి నానబెడతారు. కొందరు పేడ కలుపుతారు. ఇందులో పద్ధతి ఉంది. అవి కుళ్లేటప్పుడు పుట్టే ఆమ్లాలూ బొగ్గుపులుసు వాయువూ సున్నాన్ని విరిచేస్తాయి. వారం పదిరోజులకి ఆ నీళ్లు పారబోసి, గోడలు రుద్ది, మళ్లీ నింపి, మళ్లీ పారబోస్తారు. తొందరగా కావాలంటే వెనిగర్ కలిపిన నీళ్లతో గోడలు కడగవచ్చు, కానీ సిమెంటుకి దాని 28 రోజుల క్యూరింగ్ ముందు పూర్తి కావాలి. లైనర్ వేసిన కొలనుకి ఈ పనంతా తప్పుతుంది, అంచుల దగ్గర నీటికి తగిలే గచ్చు తప్ప. లైనర్ వైపు నేను మొగ్గడానికి ఇదీ ఒక కారణం.

ఈ నెల రోజులూ పాత ఫిల్టర్ మ్యాట్లనీ, బ్రష్‌లనీ ఎండలో ఆరేయకండి. వాటి మీద ఉన్న బ్యాక్టీరియాయే అమ్మోనియాని విరిచేది. చేపలున్న తాత్కాలిక తొట్టిలోనే, గాలి బుడగలు తగిలేలా వాటిని ఉంచితే కొత్త ఫిల్టర్ మొదటి రోజు నుంచే పని మొదలుపెడుతుంది. ఫిల్టర్‌లో వేసే మ్యాట్లూ బ్రష్‌లూ కొత్తవి కొనుక్కున్నా సగం పాతవి కలపండి. మున్సిపల్ నీళ్లతో నింపితే క్లోరిన్ విరిచే మందు వేయకుండా ఈ మ్యాట్లని దించొద్దు, చేపలతోపాటు ఆ బ్యాక్టీరియా కూడా దెబ్బతింటుంది.

ఆఖరిసారి నింపాక పీహెచ్‌ని ఉదయం, సాయంత్రం కొలవండి. పాచి ఉన్న నీటిలో సాయంత్రానికి కొంత పెరిగి ఉదయానికి తగ్గడం సహజం. రోజురోజుకీ ఉదయం లెక్కే పెరుగుతూ పోతుంటే సున్నం ఇంకా దిగుతోందని అర్థం, ఇంకోసారి పారబోయాలి. వారం పాటు ఉదయం లెక్క 8.5 లోపు నిలకడగా ఉంటే, తాత్కాలిక తొట్టి నీళ్లు కొన్ని కలిపి, ముందు రెండు చిన్న చేపల్ని వదలండి. అవి మేత తింటూ అడుగున కెలుకుతూ తిరుగుతుంటే నాలుగైదు రోజుల తర్వాత మిగతావాటిని దించుకోవచ్చు.